మెషీన్‌కు చొక్కా

"మళ్లీ ఆగిపోయిందా?"

"ఆగింది బావా. మూడోసారి."

రెండో లోడు ఎత్తుకోవడానికి గోడౌన్‌కు వచ్చిన బావమరిది, కిటికీలోంచి మెషీన్ అందించాడు. పెనం మీంచి దించినట్టు ఇంకా వేడిగానే ఉంది.

బావ పనే అది. గోడౌన్ మూల ఇరుకు గదిలో కూర్చుని, డ్రైవర్ల చేతి మెషీన్లు బాగుచేయడం. ఏ పార్సిల్ ఏ ఇంటికో చెప్పేది ఆ మెషీనే. ఇచ్చాక సంతకం పెట్టించుకునేదీ అదే. బండి ఐదు నిమిషాలు ఊరికే నిలబడితే ఆఫీసుకు చాడీలు మోసేదీ అదే. ఎండకు బాగా కాగిందంటే మాత్రం తెర నల్లబడి మొరాయిస్తుంది. చల్లారేదాకా, ఓ పావుగంట, ఎంత బతిమాలినా పలకదు.

అందరి మెషీన్లూ ఆ ఎండలోనే తిరుగుతున్నాయి. వారానికోసారి ఆగితే ఎక్కువ. ఇతగాడిది రోజుకు మూడుసార్లు.

బావ బ్యాటరీ మార్చాడు. ఆగింది. ఏకంగా కొత్త మెషీన్ ఇచ్చాడు. రెండో రోజుకే అదీ ఆగింది.

మేనేజరు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"మీ బామ్మర్ది చెయ్యి పడితే చాలు, మెషీన్లు సొమ్మసిల్లుతున్నాయి. చూసీ చూసీ ఊరుకున్నాను. ఈ వారంలో మళ్లీ ఆగితే బండి తాళంచెవి ఇచ్చేసి వెళ్లిపొమ్మనండి."

ఆరు నెలలు పని లేక తిరిగినవాణ్ని, ఈ మేనేజరు కాళ్లావేళ్లా పడి బావే చేర్పించాడు.

సాయంత్రం ఇంటికెళ్లి, మందులు చల్లగా ఉంచే పాత సంచి ఒకటి వెతికి తీశాడు. లోపలి వెండిరంగు పొర కత్తిరించాడు. పైన తెల్ల గుడ్డ వేసి, తెర కనబడేలా కిటికీ వదిలి, కుట్టమని భార్యకిచ్చాడు.

"నా తమ్ముడికి ఓ టోపీ కొనిపెట్టమంటే చెవికెక్కలేదు. మెషీన్‌కి చొక్కా కుట్టిస్తున్నావా?" అంది ఆవిడ.

"వాడు కాగితే నీళ్లు తాగుతాడు. ఇది కాగితే వాడి ఉద్యోగం పోతుంది. కుట్టవే."

పొద్దున్నే బావమరిది దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పెదవులు పగిలి ఉన్నాయి. ఒంటిమీది చొక్కా కాలరు మీద చెమట ఉప్పు తెల్లగా గీత కట్టింది.

"ఇందులో పెడితే వేడెక్కదా బావా?"

"ఎక్కదు."

"మిట్టమధ్యాహ్నం కూడా?"

"నిప్పుల కుంపటి పక్కన పెట్టుకో పో. నాదీ పూచీ."

బావమరిది దాన్ని రెండు చేతులా పట్టుకుని దానివంకే చూశాడు. సంతోషం కాబోలనుకున్నాడు బావ.

ఆ రోజు మెషీన్ ఒక్కసారి కూడా ఆగలేదు. మర్నాడూ ఆగలేదు. మేనేజరు వచ్చి భుజం తట్టి, డ్రైవర్లందరికీ ఇలాంటివే కుట్టించమన్నాడు. బావకు చాలా రోజుల తర్వాత అన్నం సయించింది.

మూడో రోజు మధ్యాహ్నం బావమరిది కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. చొక్కా ఊడదీసిన మెషీన్ జేబులో ఉంది. చొక్కాను ఊచల మధ్యనుంచి లోపలికి తోశాడు.

"ఏం, చిరిగిందా?"

"లేదు. అక్క బాగా కుట్టింది. నాకొద్దు."

"మతి పోయిందట్రా? ఇంకొక్కసారి ఆగితే తీసేస్తాడు. ఆ తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదు."

"తెలుసు బావా."

"తెలిసీ?"

బావమరిది ఊచలు వదిలేసి, గోడనానుకుని మెల్లగా కిందికి జారిపోయాడు. బావకు మాట మాత్రమే వినిపించింది.

"రోజూ దాన్ని బండి ముందద్దం కింద ఎండలో పెట్టి వేడెక్కించింది నేనే బావా, అది ఆగితే తప్ప నాకు కూర్చునే వీల్లేదు."