పంక్చరైన చక్రం

"రేపటి నుంచి నేను మాజీ ఛాంపియన్ని రా" అంటూ తమ్ముడి సైకిలు షాపులో స్టూలు లాక్కుని కూర్చున్నాను. వాడు నవ్వి, ఎవరిదో ట్యూబు నీళ్ళ బేసిన్లో ముంచి తిప్పుతున్నాడు.

రిటైరయ్యే రోజైనా వాడికి నిజం చెప్పేయాలని వచ్చాను. తీరా వచ్చాక వాడి పానాలు సర్దుతూ కూర్చున్నాను.

పదిహేనేళ్ళ కిందట సైకిలు రేసుల్లో మాది ఒకే జట్టు. నేను లీడర్ని, వాడు నాకు తోడు తొక్కేవాడు. లీడర్ చక్రం పంక్చరైతే, తోడు తొక్కేవాడు తన చక్రం ఊడదీసి ఇచ్చి దారి పక్కన నిలబడాల్సిందే.

ఆ రోజు కొండ దారిలో వాడికి రెక్కలొచ్చాయి. నాకు కళ్ళు కుట్టాయి. "పంక్చర్రా!" అని అరిచి ఆగిపోయాను. వాడు వెనక్కి తిరిగి వచ్చేలోగా నా చక్రంలో గాలి నేనే తీసేశాను.

వాడి చక్రం మీద గెలిచాను. ఆ గెలుపుతోనే నాకు పెద్ద జట్టులో చోటు దొరికింది. వాడు మరుసటి ఏడాదే రేసులు మానేశాడు.

"ఒరేయ్, ఆ కొండ రేసులో..." అన్నాను.

వాడు తలెత్తలేదు. "నీ చక్రంలో ట్యూబుకి ఆ రోజు సాయంత్రమే గాలి కొట్టి నీళ్ళలో ముంచాను అన్నయ్యా. ఒక్క బుడగ రాలేదు."

"మరి ఇన్నేళ్ళూ అడగలేదేంరా?"

"అడిగితే చెప్పేస్తావని భయం. ఇప్పుడూ చెప్పకు. నువ్వు చెప్పనంతకాలం తప్పు ట్యూబుదే."