దేవకుమారికి లేని కుదురు

"నాకేది బాబాయ్?"

గుమ్మంలోకి వస్తూనే అడిగింది దేవకుమారి. మిరపచేలో కాయలు కోసి అప్పుడే వచ్చింది. చేతులు మండుతున్నాయేమో, ఒంటికి తగలకుండా దూరంగా పెట్టుకుని నిలబడింది.

బాలస్వామి తలెత్తలేదు. నేల మీద కూర్చుని కుదురు చుడుతున్నాడు. గడ్డిని పిడికెడు లావున గుండ్రంగా కట్టి, దాని చుట్టూ సందు లేకుండా నులక బిగించాలి. నీళ్లకుండ కింద పెడితే కుండ ఒరగదు. తేలిక పనే. కానీ అవి డెబ్బై ఏళ్ల వేళ్లు. నాలుగు చుట్లు చుట్టి ఆగుతున్నాడు. మళ్లీ నాలుగు చుట్టి ఆగుతున్నాడు. వెనక గోడకి ఆనించిన మంచానికి కోళ్లూ పట్టెలూ తప్ప ఏమీ లేవు. భార్య పోయిన ఈ మూడు నెలలుగా అతను గోనెపట్టా మీదే పడుకుంటున్నాడు.

"ఏది?" అన్నాడు.

"కుదురు. పొద్దున బోరింగు దగ్గర అందరూ అదే మాట. రాఘవులింటికి ఇచ్చావంట. పేరయ్యింటికి ఇచ్చావంట. పాస్టరుగారింటికి రెండంట! మా గుమ్మం ముందు నుంచే పోయి కూడా లోపలికి రాలేదు. మా ఇంట్లో కుండ లేదనుకున్నావా?"

"నీకు లేదు."

"అయిపోయినయ్యా?"

"అయిపోలా. నీకు లేదు."

నీళ్లబిందె చంకనెత్తుకుని పోతున్న అంకమ్మ ఆ మాట విని వీధిలోనే ఆగింది.

"ఏందే, కుదురు కోసం పోట్లాటా? నాదైతే ఎంత మెత్తగా ఉందో! కొత్త నులకైతే చేతులు గీరుకుపోతయ్. ఆ ఎర్రరంగు ఎట్టా పట్టించావు పెద్దాయనా?"

"తుమ్మచెక్క ఉడకేసి ముంచాను."

"మా మనవరాలు కుండ దించేసి దాని మీదే కూర్చుంటంది, పీటలాగా."

"కూర్చోనీ."

"ఏదో ఒకటి చేసుకుంటున్నావు, అదే మంచిది. ఎలీసమ్మ పోయినకాడి నుంచి గోడకేసి చూస్తా కూర్చుంటే మాకే దిగులేసేది." అంకమ్మ బిందె సర్దుకుంది. దేవకుమారిని పైకీ కిందికీ చూసింది. "అందరికీ ఇచ్చి నీకెందుకియ్యలేదో నువ్వే ఆలోచించుకో. అప్పట్లో ఈ ఇంట్లోకి పోయొచ్చింది నువ్వొక్కదానివే గదా. ఏం పోయిందో ఏమో."

నవ్వుతూనే అని వెళ్లిపోయింది.

దేవకుమారి మంట మరిచిపోయి చేత్తో ముఖం తుడుచుకుంది. కళ్లు ఎర్రబడి నీళ్లు కారాయి.

"విన్నావా బాబాయ్? రేపటికి వీధంతా ఇదే. పిన్ని చెవుల కమ్మలు నేనే కాజేశానంటారు. నువ్వూ అదే అనుకుంటున్నావా?"

"లేదు."

"మరి నేనేం చేశాను? పిన్నికి ఆ దగ్గు పట్టుకున్నప్పుడు ఒక్కరు తొంగిచూశారా? పాస్టరుగారు వీధిలో నిలబడే ప్రార్థన చేసి పోయారు. గుంటూరు బస్సు దాకా మంచం మొయ్యాలి, రండ్రా అని ఇల్లిల్లూ తిరిగావు. ఒక్కడు లేచాడా? రోగం అంటుకుంటదని తలుపులేసుకున్నారు. తలవైపు నువ్వు, కాళ్లవైపు నేనూ మా ఆయనా. ఆ ఎండలో. తిరిగొచ్చేటప్పుడూ మేమే. మర్చిపోయావా?"

"మర్చిపోలా."

"మర్చిపోకపోతే ఇదేం పని? తలుపులేసుకున్నోళ్ల గుమ్మాలన్నీ ఎక్కి ఇచ్చొచ్చావు. వాళ్ల మీద లేని కోపం నా మీదా?"

బాలస్వామి నులక కొస లోపలికి దూర్చి, కత్తితో తెంపాడు. పూర్తయిన కుదురు పక్కన పెట్టి రెండు అరచేతులూ నేలకి ఆనించాడు. లేవడానికి కాదు. అలిసిపోయాడు.

"ఇదిగో, ఇదుంది గదా" అంది దేవకుమారి.

"అది సూదుల డాక్టరుకి. పిలిస్తే రాలేదుగా."

"రానోడికి కుదురా? నాకు మాత్రం లేదా? నేను పట్టుకుపోతా. ఎవరేమంటారో చూస్తా." వంగి కుదురు అందుకుంది.

"ముట్టుకోకు!"

మూడు నెలల్లో ఆ ఇంట్లో అంత గట్టిగా ఎవరూ అరవలేదు. ఆమె వేళ్లు ఒక్కొక్కటే విప్పి కుదురు లాక్కున్నాడు బాలస్వామి. లాక్కుని రొప్పుతూ కూర్చున్నాడు.

దేవకుమారి ఖాళీ చేతులతో నిలబడిపోయింది.

"ముట్టుకోకూడదా? నేనా?" గుమ్మంవైపు తిరిగింది. "రోగమని వాళ్లు నీకు చెప్పిన మాటే నువ్వు నాకు చెప్పావు బాబాయ్. ఇంక నీ గుమ్మం తొక్కితే ఒట్టు."

"అమ్మాయ్, ఆగు. ఆ తలుపు దగ్గరికెయ్యి."

వెయ్యాలా వద్దా అన్నట్టు నిలబడి, చివరికి వేసింది. బాలస్వామి కుదుర్ని గోనెసంచిలో పెట్టి మూతి కట్టాడు. గోడవైపు ఓసారి చూశాడు.

"ఇది మీ పిన్ని దగ్గుతా పడుకున్న మంచం నులకే" అన్నాడు. "ఆ రోజు పట్టుకోనోళ్లకి తలా ఓ ముక్క పంచుతున్నాను. నువ్వు పట్టుకున్నావుగా."