నయమైన ఎలుక

"దాన్ని ఇలా ఇవ్వమ్మా," అన్నాడు డాక్టరు, చేతులకు తొడుగులు వేసుకుంటూ.

పరిశోధనశాలలో ఎలుకల్ని సాకే ఆమె చేతిలోని ఎలుకను వదల్లేదు. మందు ఎక్కించి దానికి షుగరు తెప్పించింది వీళ్ళే. మరో ఎలుక క్లోమంలోని కణాలు తెచ్చి పెట్టి తగ్గించిందీ వీళ్ళే.

"వంద రోజులుగా బంగారంలా ఉంది కదా సార్. మళ్ళీ కోయడమెందుకు?"

"తగ్గింది మనం పెట్టిన కణాలవల్లో, దానంతటదే తగ్గిందో తెలియాలిగా. అవి తీసేస్తే జబ్బు తిరగబెట్టాలి. అప్పుడే మన వైద్యం నిజమని తేలుతుంది."

"తేలితే మా అమ్మాయికి పెడతారా?"

"ఇంకా ఏళ్ళు పడుతుందమ్మా, అబద్ధం చెప్పను. తేలకపోతే మాత్రం ఎప్పటికీ పెట్టలేం."

షుగరున్న ఆ పదకొండేళ్ళ పిల్లకు రోజూ నాలుగు సూదులు గుచ్చేది ఆమే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎలుక వీపు నిమిరి ఇచ్చేసింది.

కణాలు తీసేసిన మూడో రోజు దాని తోక నుంచి చుక్క రక్తం తీసింది. మీటరు మీద అంకె పడేలోగా, పెరగాలి, పెరగాలి అని తానే మొక్కుకుంటున్నట్టు ఆమెకు తెలిసివచ్చింది.

నాలుగు వందల పది.

"గెలిచాం," అన్నాడు డాక్టరు.

"గెలిచాం సార్," అంది. ఆ ఎలుకకు ఇక దాహం ఆగదని ఆమెకు తెలుసు. రెండో నీళ్ళ సీసా తేవడానికి లేచింది.