పుంజు మీద ఫిర్యాదు

మున్సిపల్ ఆఫీసు నుంచి వచ్చిన నోటీసు చదవగానే టైలరమ్మకి ఒళ్లు మండిపోయింది.

మీ పుంజు దారిన పోయేవాళ్ల మీద పడుతోందని ఫిర్యాదు వచ్చింది, పది రోజుల్లో వచ్చి చూస్తాం, అప్పటికీ మారకపోతే పట్టుకుపోయి చంపేస్తాం. ఇదీ అందులో ఉన్న సంగతి. ఫిర్యాదు చేసిందెవరో మాత్రం రాయలేదు.

“ఎవడో ఓర్వలేని వెధవ,” అని ఆమె తీర్మానించేసింది.

తల్లికోడి చచ్చిపోతే, ఒంటి తడైనా ఆరని పిల్లని గుడ్డముక్కల బుట్టలో పెట్టి, మిషను తొక్కేటప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని పెంచింది ఆ పుంజుని. ఈమధ్య కాస్త దూకుడెక్కిన మాట నిజమే. ఆమె పిక్కల మీదా నాలుగు గీట్లున్నాయి. అయినా సొంత బిడ్డ రక్కితే ఎవరైనా ఆఫీసుకి వెళ్లి చెబుతారా?

మర్నాడు పొద్దున ఒక పెద్దాయన గేటు దగ్గర నిలబడ్డాడు. ఎప్పుడూ చూడని మొహం.

“ఆ పుంజు మీదేనా అమ్మా?”

“అయితే?”

“మనుషుల మీదికొస్తుందని తెలిసింది. కోళ్ల ఫారంలో ముప్ఫై ఏళ్లు చేశాను. ఒకసారి లోపలికి రావచ్చా?”

నోటీసు గుర్తొచ్చి టైలరమ్మ గడియ తీసింది. లేకపోతే అటునుంచి అటే పంపేసేది.

ఆయన రెండడుగులు వేశాడో లేదో, పుంజు ఒక రెక్క కిందికి దించి, పక్కవాటుగా అడుగులేస్తూ వచ్చి ఎగిరి తన్నింది. పెద్దాయన వెనక్కి తగ్గలేదు. చెయ్యెత్తలేదు. అది పక్కకి తప్పుకునేదాకా దానివైపే మెల్లగా నడిచాడు. ప్యాంటు మీద రక్తపు మరక తేలింది.

“ఆడుకుంటోందండీ, అంతే,” అంటూ టైలరమ్మ పుంజుని ఎత్తుకుని నిమిరింది.

“అదేనమ్మా తప్పు. తన్నినందుకు ముద్దు చేస్తున్నారు. ఒళ్లో పెరిగినట్టుంది, దానికి మనిషంటే భయం లేదు. మిమ్మల్ని కూడా ఇంకో పుంజనే అనుకుంటోంది.”

“నేను పుంజునా?”

“దాని లెక్కలో అంతే.”

టైలరమ్మ పుంజుని కిందికి దించేసింది.

ఆయన రోజూ వచ్చాడు. పెద్ద మాటకారి కాదు. చెప్పే నాలుగు ముక్కలూ మాత్రం మొహమాటం లేకుండా చెప్పేవాడు.

“గింజలు చేతిలో పట్టుకుని పెట్టల్ని మీరు పిలవకండి. పిలిచే పని దానిది. మీరు లాక్కుంటే దానికి మండదా? నేల మీద చల్లేసి పక్కకి వచ్చేయండి.”

ఇంకోరోజు అన్నాడు: “మీదికొస్తే పరిగెత్తకండి, తన్నకండి. తన్నారంటే పోటీకి ఒప్పుకున్నట్టే.”

టైలరమ్మ పళ్లు నూరుతూనే అన్నీ చేసింది. అయిదో రోజుకి పుంజు కొక్కొక్కుమంటూ తనే పెట్టల్ని గింజల దగ్గరికి పిలవసాగింది. ఏడో రోజు ఆమె నడిచొస్తుంటే తప్పుకుని దారిచ్చింది.

ఆ సంతోషంలో కూడా కోపం చల్లారలేదు.

“ఇంత బుద్ధిమంతుణ్ణి చంపించాలని చూశాడు చూడండి బాబాయిగారూ, వాడి కొంప కూలిపోను. వాడికి పిల్లాజెల్లా ఉండరా?”

పెద్దాయన పుంజు వైపు చూశాడు.

“ఉంటారమ్మా,” అన్నాడు. “అయినా దీన్ని చంపితే మాత్రం ఏం లాభం? రేపు ఇంకో పిల్లని తెచ్చి మీరు మళ్లీ ఒళ్లోనే పెంచుతారు.”

తొమ్మిదో రోజు బజారు నుంచి వస్తూ ఆమె చూసింది. వీధి మలుపులో, నోటీసు తెచ్చిన ఆఫీసు మనిషితో పెద్దాయన మాట్లాడుతున్నాడు. ఏదో కాగితం అతని చేతిలో పెట్టాడు. అతను తలూపి జేబులో పెట్టుకున్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది.

పెద్దాయన గేటు దగ్గరికి వచ్చేసరికి అడ్డంగా నిలబడింది.

“రోజూ నా పెరట్లో నిలబడి చూసింది ఇందుకా? వాళ్లకి చాడీలు మోయడానికా? ఇలా ఎన్ని పుంజుల్ని పట్టించావు?”

“అమ్మా, ఒక్క మాట...”

“ముసలాడివని ఊరుకుంటున్నా. మళ్లీ ఈ గేటు దగ్గర కనబడ్డావంటే పుంజు కాదు, నేనే మీద పడతా.”

ఇరుగుపొరుగు తలుపులు తెరుచుకున్నాయి. ఆమె ఇంకో నాలుగు మాటలు అంది. అవి ఇక్కడ రాయదగ్గవి కావు.

ఆయన తల వంచుకుని అన్నీ విన్నాడు. “గింజలు మాత్రం చేత్తో పెట్టకండి,” అని వెళ్లిపోయాడు.

పదో రోజు ఎవరూ రాలేదు. పదకొండో రోజు టైలరమ్మ నడుం బిగించి తనే ఆఫీసుకి వెళ్లింది. దారి పొడుగునా పోట్లాటకి మాటలు పేర్చుకుంది.

“మీ మీద పెట్టిన ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు కదమ్మా, ఇంకెందుకు వస్తాం?” అన్నాడు గుమాస్తా.

“ఎవరు తీసుకున్నారు?”

“పెట్టినాయనే. ఊరు మారిపోతున్నాం, మళ్లీ రావడం కుదరదని మొన్న దారిలోనే మా వాడి చేతికిచ్చాడు.”

“భయపడి పారిపోయాడన్నమాట. ఏం రాశాడో చదవండి, వింటాను.”

గుమాస్తా కళ్లజోడు సవరించుకుని చదివాడు:

“నా మనవరాలికి కంటి కింద ఏడు కుట్లు పడింది ఆ పుంజు వల్లే, అయినా తొమ్మిది రోజులు ఆ పెరట్లోకి నేనే వెళ్లి చూశాను, తప్పు దానిది కాదు, ఇప్పుడది మారింది, దయచేసి చంపకండి.”