రేకుల కింద జాగా

కాలు విరిగి రెండు నెలలు దవాఖానలో ఉన్న బాలకిషన్ ఆ రోజే ఇంటికొచ్చాడు. హనుమకొండలోని తన ఇంటి గేటు ముందు ఆటో దిగి, కర్రల మీద నిలబడి, అక్కడే ఆగిపోయాడు. తన స్కూటరు కోసం వేయించుకున్న రేకుల కింద ఎవరిదో నీలం స్కూటరు ఉంది.

"ఎవరిదే ఇది? నా బండి రిపేరుకు పోయిందని ఎవడో వచ్చి జాగా పట్టుకుంటడా?" అని అరిచాడు.

"లోపటికి నడువుండ్రి" అంటూ భార్య శ్యామలమ్మ భుజం పట్టుకుంది.

ఆ కేకలకు, పక్కింట్లో కొత్తగా అద్దెకు దిగిన మనిషి తాళంచెవితో పరుగున వచ్చాడు.

"ఎవర్ని అడిగి పెట్టినవయా? వచ్చే నెల కట్టు ఇప్పుతరు. అప్పుడు నా బండి యాడ పెట్టుకోవాలె?"

ఆ మనిషి బిత్తరపోయాడు. "అక్కనే పెట్టుకొమ్మన్నది సార్. మీరు ఇగ బండి నడపలేరట గద. అందుకే అమ్మేసినమని చెప్పింది."

బాలకిషన్ భార్య వైపు చూశాడు. రోజూ మంచం పక్కన కూర్చుని, కట్టు విప్పగానే ఇద్దరం బండి మీద మడికొండ పోదామని ఆశపెట్టింది ఆమే.

"మీరు ధైర్యం చెడుతరని..." శ్యామలమ్మ అతని భుజం ఇంకా గట్టిగా పట్టుకుంది.

"పక్కింటోళ్లకు చెప్పినవు. నాకు చెప్పలే."

"లోపటికి రాండ్రి, అంతా చెప్త."

అతను భుజం విడిపించుకుని, ముక్కూ మొహం తెలియని ఆ మనిషి వైపు తిరిగాడు.

"నా కాలు గురించి డాక్టరు ఇంకేం చెప్పిండట? జర నువ్వన్న నిజం చెప్పు, తమ్మీ."