అప్పలస్వామి పేరు

అచ్ఛా ప్రణీతమ్మా, నెమ్మదిగా రాసుకో. తొంభై ఏడులో, బిలాస్‌పూర్లో మా పక్క రైల్వే క్వార్టర్లో, ఓంకార్ తను పెంచుకుంటన్న పిల్లోడికి తన తాత పేరు పెడదామని పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో రాయబోతంటే, ఓంకార్ తండ్రి కామేశ్వరరావు చెయ్యి పట్టుకుని ఆపేసినాడు.

“పెంచుకో, కాదనను. మా నాన్న పేరు మాత్రం పెట్టకు. ఈడిది మన రక్తం కాదు.”

ముహూర్తం దాటిపోతందన్నాడు పంతులు. కోడలు పిల్లోడిని గుండెకి హత్తుకుంది.

ఓంకార్ గోల్ బజార్లో కంప్యూటర్ పాఠాలు చెప్పేవోడు.

“నాన్నా, కంప్యూటర్ని నడిపించే యూనిక్స్ అని ఒక పెద్ద ప్రోగ్రాం ఉంది. జెనిక్స్ అనేది దాని కడుపునే పుట్టింది. లినక్స్ అనే ఇంకోదాన్ని మాత్రం బయటి కుర్రోడు కొత్తగా రాసినాడు. పెద్దదాని లైను ఒక్కటీ అందులో లేదు.”

“అయితే ఏటి?”

“నడకంతా పెద్దదానిదే. అందుకే దాన్నీ ఆ వంశంలో కలిపేసుకున్నారు.”

“మరి కడుపున పుట్టిందో?”

“దాన్ని ఇప్పుడు అడిగేవోడు లేడు. వంశం నిలబెడతన్నది లినక్సే.”

కామేశ్వరరావు కోడలి వైపు చేతులు చాపినాడు.

“ఇలా తే” అని పిల్లోడిని ఒళ్లోకి తీసుకుని, ఉంగరంతో తనే రాసినాడు, ‘అప్పలస్వామి’ అని.

అక్కడే పెరిగిన ఆ అప్పలస్వామికి, అదే మీ ఆయనకి, తెలుగు చదవడం రాదు. డ్యూటీ దిగి వచ్చాక, ఇది ఆడికి చదివి వినిపించు తల్లీ.