అటు పిల్ల ఇటు, ఇటు పిల్ల అటు

“ముందు ఆ ఫోన్ పెట్టెయ్యవే తల్లీ” అంది అమ్మ అవతలి నుంచి.

పరాయి దేశంలో, పేరైనా తెలియని వీధిలో, మూసేసిన బట్టల కొట్టు ముందు వానకు సగం తడుస్తూ నిలబడ్డ అమ్మాయికి ఒళ్ళు మండిపోయింది.

“అమ్మా, అసలు వింటున్నావా? తప్పిపోయానంటున్నాను. ఎటు నడిచినా తిరిగి తిరిగి ఇక్కడికే వస్తున్నాను. ఫోన్లో మ్యాప్ చూస్తే నేను కాలవ మధ్యలో ఉన్నట్టు చూపిస్తోంది.”

“నీకేం, నోరున్నదానివి. ఎవరినో ఒకరిని అడిగి వెళ్ళు. ఇక్కడ ఆ పిల్ల కనబడట్లేదే. నేను అలా స్నానానికి వెళ్ళానో లేదో, చెప్పాపెట్టకుండా బయటికి వెళ్ళిపోయింది. మీ నాన్న బండేసుకుని వీధులన్నీ గాలిస్తున్నారు. నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు.”

“నీ కూతుర్ని నేను.”

“కాదన్నానా? ఆ పిల్ల ఫోన్ చేస్తే లైన్ దొరకొద్దూ? పెట్టెయ్” అని తనే పెట్టేసింది.

రెండు కాలేజీలు కూడబలుక్కుని విద్యార్థుల్ని మార్చుకున్నాయి. ఈ ఊరి పిల్ల వెళ్ళి అక్కడ అమ్మానాన్నల దగ్గర మకాం పెట్టింది. ఈ అమ్మాయి వచ్చి ఆ పిల్ల వాళ్ళింట్లో దిగింది. ఇక అప్పటి నుంచీ అమ్మకు ఆ పిల్ల జపమే. పిల్లకు ఎండ పడదట, పిల్లకు గట్టిగా మాట్లాడితే భయమట, పిల్ల ఒక్కతే రోడ్డు దాటలేదట. సొంత కూతురు ఫోన్ చేస్తే మాత్రం “తిన్నావా, సరే ఉంటా” అని ముగించెయ్యడం.

పోనీ ఇక్కడ ఆ పిల్ల వాళ్ళమ్మైనా ఆప్యాయంగా ఉంటుందా అంటే, అదీ లేదు. ఉలుకూ పలుకూ లేని మనిషి. ఈ పొద్దున ఊరు చూసొస్తానని బయల్దేరినప్పుడు, తోడు రానా అని అడుగుతుందేమోనని అమ్మాయి గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ కావాలనే కాస్సేపు తచ్చాడింది. ఆవిడ కుట్టుమిషన్ మీంచి తల ఎత్తి “తాళం తీసుకెళ్ళు” అంది ఇంగ్లీషులో. అంతే.

ఆ ఉక్రోషంతోనే, తర్వాత ఆవిడ ఫోన్ చేస్తే కట్ చేసింది. మళ్ళీ చేస్తే మళ్ళీ కట్ చేసింది. ఆ పైన ఫోన్ రాలేదు. ఎందుకొస్తుంది? పరాయి పిల్ల ఎక్కడ తిరిగితే ఆవిడకేం? ఇప్పుడు తనంతట తాను ఫోన్ చేసి, తప్పిపోయానండీ అని ఆవిడతో చెప్పుకోవడం కన్నా ఈ వానలో నానడమే నయం.

గొడుగేసుకుని పోతున్న ఒక పెద్దాయన్ని ఆపి అడిగింది. ఆయన చాలా మర్యాదగా, చాలాసేపు, చేతులు తిప్పుతూ దారి చెప్పాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థమైనట్టు తలూపి, ఆయన చూపించిన వైపే నడిచి, సందు తిరిగి, మళ్ళీ ఆ బట్టల కొట్టు ముందే తేలింది.

ఇక ఏడుపు ఆగలేదు. రేపు పొద్దున్నే కాలేజీకి వెళ్ళి, నన్ను మా ఇంటికి పంపించెయ్యండి, నాకీ చదువూ వద్దు, ఈ ఊరూ వద్దు అని చెప్పెయ్యాలని గట్టిగా అనుకుంది. తన కోసం ఎదురుచూసే మనిషి ఒక్కరూ లేని చోట ఎవరుంటారు?

అంతలో ఫోన్ మోగింది. ఆ పిల్లే. కట్ చెయ్యబోయి ఆగింది.

“కోప్పడకు. నేను మీ ఊళ్ళో దారి తప్పాను” అంది ఆ పిల్ల ఇంగ్లీషులో.

“మా అమ్మకు చెయ్యి. అక్కడ నీ కోసమే ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చుంది.”

“ఆవిడ మాట నాకు రాదు, నా మాట ఆవిడకు రాదు. ఇంట్లో అంతా సైగలే. ఫోన్లో సైగలెలా చెయ్యను?”

“అసలు ఒక్కదానివీ ఎందుకు బయల్దేరావు?”

“ఊరు చూద్దామని. మీ అమ్మ నన్ను గుమ్మం కూడా దాటనివ్వడం లేదు.”

అమ్మాయి ముక్కు తుడుచుకుంది. “సరే, చుట్టూ ఏముంది?”

“ఉల్లిపాయల బస్తాలు. ఒక పిండిమర. గోడ మీద పళ్ళ డాక్టరు బొమ్మ.”

కళ్ళకు గంతలు కట్టినా నడవగలిగిన చోటు అది. “మర పక్క సందులో దూరు. కుక్క అరుస్తుంది, ఏం చెయ్యదు. చివర్న ఆకుపచ్చ గేటు ఉంటుంది. అదే మనిల్లు.”

కుక్క అరుపు వినబడింది. గేటు కిర్రుమంది. వెంటనే అమ్మ గొంతు. “వచ్చావా నా తల్లీ, వచ్చావా.” ఆ పిలుపు తనది కాదు.

“బతికించావు. ఇప్పుడు నువ్వు చెప్పు, ఎక్కడున్నావు?” అంది ఆ పిల్ల.

“మూసేసిన బట్టల కొట్టు ముందు. తలుపులకు నీలం రంగు.”

“అదా? ఎదురుగా రాతిమెట్లుంటాయి చూడు. ఎక్కితే మా వీధే. త్వరగా వెళ్ళు.”

అమ్మాయి మెట్లవైపు పరుగులాంటి నడకతో వెళ్ళి, మొదటి మెట్టు మీదే ఆగిపోయింది. “నేను తప్పిపోయిన సంగతి నీకెవరు చెప్పారు?”

“మా అమ్మ. దారి తప్పగానే మొదట తనకే ఫోన్ చేశాను. ఆ పిల్ల వానలో ఎక్కడ తడుస్తోందో ఏమో, ఫోన్ చేస్తే లైన్ దొరకొద్దా, ముందు పెట్టెయ్ అని కసిరింది.”